ఎవరి దుబాసీ వారిదే

తెలుగు పంతులుకు కంప్యూటరు భాషలతో పనేమిటని పాఠకులు అడగవచ్చు. పని వున్నది. పరీక్షలు ముగిసి ఫలితాలు వచ్చే రోజుల్లో మా మడకశిరలో తల్లిదండ్రులు కనిపించినవారినల్లా అడిగే ప్రశ్న ఒకటే. "మావాణ్ణి జావాలో చేర్చమంటారా, డాట్ నెట్‌లో చేర్చమంటారా?" వానపడితే నాలుగు శెనక్కాయలు, లేకుంటే లేదు అన్నట్టు బతికే ప్రాంతం యిది. బెంగుళూరులో గది అద్దెకు తీసుకొని, ఫీజు కట్టి నేర్చే విద్య రేపు ఎన్ని చోట్ల చెల్లుతుందో, ఎవరు కాదంటే ఆగిపోతుందో తెలుసుకోవాలనుకోవడం తప్పు కాదు గదా!

భాషల సంగతి గనుక నాకు తెలిసిన దారినే వస్తాను. పటంలో మడకశిరకు మూడువైపులా కర్ణాటకమే. సంతలో బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగుతుంది. రెండూ రాని బేరగాడు వస్తే నడుమ ఒక దుబాసీ కావాలి. కంప్యూటర్లదీ యిదే అవస్థ. ఒక్కొక్క రకం యంత్రానికి ఒక్కొక్క లోపలి భాష. ఒకదానికోసం రాసిన ఆజ్ఞలు పక్కదానికి బోధపడవు.

అందరికీ పొత్తుగా ఒక భాష వుండాలని 1959లో అమెరికా రక్షణశాఖ కంపెనీలవారిని ఒకచోట కూర్చోబెట్టింది. అలా పుట్టినదే కోబాల్. 1960 డిసెంబరులో ఒకే ప్రోగ్రామును దాదాపు మార్పు లేకుండా ఇద్దరు వేర్వేరు తయారీదారుల యంత్రాలమీద నడిపి చూపించారు. ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. ప్రతి కంపెనీ తన కోబాల్‌కు నాలుగు సొంత మాటలు అంటించింది. చివరకు 1968లో ఒక ప్రమాణం వచ్చింది. ఎవరి కోబాల్ నిజంగా కోబాలో తేల్చడానికి అమెరికా నౌకాదళంలో గ్రేస్ హాపర్ అనే విదుషీమణి పరీక్షలు తయారు చేయించింది. ఒప్పందం రాసుకోవడం సులువే. దాన్ని పరీక్షించేవారు కావాలి. 2000 సంవత్సరం తేదీల గొడవ వచ్చినప్పుడు ఎందరో తెలుగు యువకులు ఆ పాత కోబాల్ నేర్చుకొని అమెరికా వెళ్లగలిగారంటే, ఆ భాష అన్నేళ్లు చెదరకుండా వుండడమూ ఒక కారణమే.

ఇక జావా. సన్ మైక్రోసిస్టమ్స్ వారు 1995లో బయటపెట్టారు. అందులో యుక్తి యిది: ప్రోగ్రామును ఏ యంత్రానికీ చెందని ఒక నడిమి భాషలోకి మార్చి వుంచుతారు. ఒక్కొక్క యంత్రంలో ఒక్కొక్క దుబాసీ కూర్చొని దాన్ని తన యంత్రానికి చెబుతాడు. దుబాసీలందరూ ఒకే మాట చెప్పినంతకాలం, ఒకసారి రాసినది ఎక్కడైనా నడుస్తుంది. మరి దుబాసీ తన మాటలు కలిపితేనో?

అదే జరిగింది. మైక్రోసాఫ్టు 1996లో జావాకు లైసెన్సు పుచ్చుకుంది. విండోస్‌లో మాత్రమే పనిచేసే సదుపాయాలను కొన్నిటిని చేర్చింది, సన్ వారివి కొన్నిటిని వదిలేసింది. 1997 అక్టోబరులో సన్ దావా వేసింది. 2001 జనవరిలో మైక్రోసాఫ్టు రెండుకోట్ల డాలర్లు చెల్లించే ఒడంబడికతో రాజీ కుదిరింది. దీన్ని వొట్టి కుట్ర అనడానికి నాకు మనసొప్పదు. చేర్చినవి నిజంగా సౌకర్యాలే! చిక్కంతా అక్కడే వున్నది. సౌకర్యం రుచి మరిగినవాడికి తన ప్రోగ్రాము ఒకే దొడ్లో కట్టుబడిపోయిందన్న సంగతి, దొడ్డి మారవలసిన రోజున గాని తెలియదు.

తరువాత మైక్రోసాఫ్టు తన సొంత భాష సి షార్ప్‌నూ, డాట్ నెట్‌నూ తెచ్చింది. అవి చాలాకాలం ప్రధానంగా విండోస్ కోసమే. 2014 నవంబరులో డాట్ నెట్ మూలాన్ని అందరికీ తెరిచి, లినక్స్‌లోనూ మాక్‌లోనూ నడిచేటట్టు చేస్తామన్నారు. ఆ యేడు ఫిబ్రవరిలోనే సత్య నాదెళ్ల అధిపతి అయ్యారు. ఆయన తండ్రి యుగంధర్ గారిది అనంతపురం జిల్లా బుక్కాపురం. 2022 దాకా మాదీ ఆ జిల్లాయే. తమాషా ఏమంటే, నాదెళ్ల మైక్రోసాఫ్టులో చేరకముందు పనిచేసింది సన్ కంపెనీలో!

ఇదంతా ఎక్కడో దొరల పేచీ అనుకోనక్కరలేదు. మన అక్షరాలకే యీ గతి పట్టింది. తెలుగు డి.టి.పి. వచ్చిన రోజుల్లో ఒక్కొక్క కంపెనీ ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలను తనకు తోచినట్టు సర్దుకున్నది. తలకట్టు ఒక గదిలో, గుడి ఒక గదిలో, వొత్తు మరో గదిలో. ఒకరి వరుస మరొకరికి కలవదు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే సీసపద్యం కాస్తా ఇంగ్లీషు అక్షరాల కిచిడీ అయ్యేది. ఇంటర్నెట్‌లో ఒక్కొక్క పత్రిక చదవడానికి ఒక్కొక్క ఫాంటు దించుకోవలసి వచ్చేది. వీటిని మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్‌లో "పద్మ" అని ఒక ఉపకరణాన్నే తయారు చేయవలసి వచ్చింది. అలా కట్టిన కాలేజీ సంచికల ఫైళ్లు నా దగ్గర యిప్పటికీ వున్నవి. విద్యార్థుల కవితలున్నాయని తెలుసు, చదవడానికి లేదు. కంపెనీ పేరెందుకు గాని, ఆ సాఫ్టువేరు యిప్పటి యంత్రాల్లోకి ఎక్కదు.

విచిత్రమేమంటే మందు అప్పటికే వున్నది. యూనికోడ్ 1991లోనే తెలుగుకు 128 గదులు కేటాయించింది, ఏ అక్షరం ఎక్కడో లోకమంతటికీ ఒకటే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అయినా మన పత్రికలు, అచ్చుకూటాలు కదలడానికి యేళ్లు పట్టింది. ఎవరి గిరాకీ వారికి ముద్దు!

కనుక కోర్సు అమ్మేవారిని అడగవలసినది జీతం లెక్క ఒక్కటే కాదు. ఈ భాషకు అచ్చయిన ప్రమాణం వున్నదా, దాన్ని ఒకరికంటె ఎక్కువమంది తయారు చేస్తున్నారా, ఒకచోట రాసినది మరొకచోట నడిపి చూపగలరా అని అడగండి. మూడో ప్రశ్నకు నోటిమాట జవాబు కాదు, ఎదుట నడిపించమనండి.

జావాలో మరొక వేడుక వున్నది. అది మొదటినుంచీ యూనికోడ్‌నే నమ్ముకున్నందున, లెక్కలోని రాశులకు తెలుగులో పేర్లు పెట్టుకోవచ్చు. "ఎకరాలు", "శెనక్కాయలు" అని రాసినా దుబాసీ కిమ్మనకుండా కూడి చెబుతాడు.