ముందుమాట ఎవరిది?

1845లో బోస్టన్‌లో ఒక చిన్న పుస్తకం వెలువడింది. రాసినవాడు ఫ్రెడరిక్ డగ్లస్, ఏడేళ్ల కిందట మేరీలాండ్ నుంచి పారిపోయి వచ్చిన బానిస. పేరు పక్కనే ‘స్వయంగా రాసినది’ అని అచ్చువేశారు. అదీ చాలలేదు. లోపల ముందు విలియం లాయిడ్ గారిసన్ పీఠిక, దాని వెనక వెండెల్ ఫిలిప్స్ ఉత్తరం. ఇద్దరూ తెల్లవాళ్లు, బానిసత్వ నిర్మూలన ఉద్యమంలో పెద్దలు. ఇద్దరి మాటల సారాంశం ఒకటే: ఈ మనిషిని మేమెరుగుదుం, ఇతను చెప్పేది నిజం.

ఈ పూచీకత్తు ఆనవాయితీ అప్పటికే పాతది. 1773లో ఫిలిస్ వీట్లీ కవితలు లండన్‌లో అచ్చయినప్పుడు, ఇవి ఈ బానిస పిల్ల రాసినవేనని బోస్టన్ పెద్దమనుషులు 18 మంది సంతకాలు చేశారు.

ఉద్యమ పెద్దల్ని చిన్నబుచ్చడం మా ఉద్దేశం కాదు. ఆ రోజుల్లో అమెరికాలో బానిసత్వ వ్యతిరేక పత్రిక నడపడమంటే ప్రాణాలకు తెగించడమే. 1835 వేసవిలో దక్షిణాదిలోని చార్లెస్టన్‌లో అల్లరిమూక తపాలా కార్యాలయంలో చొరబడి ఉద్యమ పత్రాల కట్టలు తీసుకుపోయి తగలబెట్టింది. ఆ ఏడాదే అక్టోబరులో గారిసన్‌ను తాడు కట్టి బోస్టన్ వీధుల్లో ఈడ్చారు. ఇలినాయి రాష్ట్రంలోని ఆల్టన్‌లో ఎలైజా లవ్‌జాయ్ అనే సంపాదకుడి అచ్చుయంత్రాలు మూడింటిని మూకలు ధ్వంసం చేశాయి. 1837 నవంబరు 7న, నాలుగో యంత్రాన్ని కాపాడుకుంటూ అతను తుపాకీ గుళ్లకు బలయ్యాడు. గారిసన్ ‘లిబరేటర్’ వారపత్రిక 1831 జనవరి 1న మొదలై 35 ఏళ్లు నడిచింది. అయితే దాన్ని మొదట్లో నిలబెట్టిన చందాదారుల్లో ఎక్కువమంది బానిసలు కాని నల్లవాళ్లే. ఫిలడెల్ఫియాలో ఓడల తెరచాపలు కుట్టించే వ్యాపారి జేమ్స్ ఫోర్టెన్ తొలి సంచిక రాకముందే 27 చందాల సొమ్ము పంపాడు. అంతకు నాలుగేళ్ల ముందే, 1827లో, న్యూయార్క్‌లో నల్లవాళ్లు ‘ఫ్రీడమ్స్ జర్నల్’ పేరుతో సొంత పత్రిక పెట్టుకున్నారు. గొంతు లేని వాళ్లకు గొంతునిచ్చాం అని చెప్పుకునేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి.

మా అభ్యంతరం పని పంపకం మీద. సాక్ష్యం చెప్పడం నల్లవాడి వంతు, వాదించడం తెల్లవాడి వంతు. వేదికెక్కిన డగ్లస్‌కు నిర్వాహకులు ఇచ్చిన సలహా అదే: జరిగింది చెప్పు, సిద్ధాంతం మేం చూసుకుంటాం. పైగా, నీ ఇంగ్లిషు మరీ బాగుంది, తోటల్లో మాట్లాడే యాస కాస్త ఉంచు, లేకపోతే నువ్వు బానిసవంటే ఎవరూ నమ్మరు అన్నారు. ఆ ఇంగ్లిషు ఎలా వచ్చిందనుకున్నారు? బాల్టిమోర్‌లో యజమానురాలు అక్షరాలు మొదలుపెట్టగానే ఆమె భర్త మాన్పించాడు. ఆ పిల్లవాడు వీధిలో ఆకలిగా తిరిగే తెల్ల కుర్రాళ్లకు రొట్టెముక్క ఇచ్చి, బదులుగా పాఠం చెప్పించుకున్నాడు. అలా సంపాదించుకున్న చదువును దాచమన్నారు!

అతను దాచలేదు. యజమాని పేరు, ఊరి పేరు సహా పుస్తకంలో రాసేశాడు. పట్టుబడే ప్రమాదం ఉండటంతో బ్రిటన్ వెళ్లాడు. అక్కడి మిత్రులు 150 పౌన్లు చెల్లించి అతని స్వేచ్ఛ కొన్నారు. తిరిగొచ్చి పత్రిక పెడతానంటే బోస్టన్ మిత్రులు వద్దన్నారు. అతను రాచెస్టర్‌కు మకాం మార్చి 1847 డిసెంబరులో ‘నార్త్ స్టార్’ ప్రారంభించాడు. 1855లో వచ్చిన రెండో ఆత్మకథకు పీఠిక రాసింది జేమ్స్ మెక్యూన్ స్మిత్. ఆయన నల్లజాతి వైద్యుడు. అమెరికాలో ఏ కళాశాలా చేర్చుకోకపోతే గ్లాస్గో వెళ్లి పట్టా తెచ్చుకున్నవాడు.

బానిసత్వం నుంచి బయటపడి ఉద్యమ వక్త అయిన సోజర్నర్ ట్రూత్‌కు చదువు రాదు కాబట్టి తన మాటను కాపాడుకునే వీలు కూడా లేకపోయింది. 1851లో ఒహాయో రాష్ట్రం ఆక్రన్ మహిళా సభలో ఆమె మాట్లాడిన కొన్ని వారాలకే ఒక స్థానిక పత్రిక ఆ ప్రసంగాన్ని అచ్చువేసింది. మామూలు ఇంగ్లిషే. పన్నెండేళ్ల తర్వాత ఫ్రాన్సెస్ గేజ్ అనే ఉద్యమకారిణి దాన్ని మళ్లీ రాసింది, ఈసారి దక్షిణాది బానిసల యాసలో. ట్రూత్ పుట్టి పెరిగింది న్యూయార్క్ రాష్ట్రంలో, చిన్నప్పుడు మాట్లాడింది డచ్చి భాష. ఆమెకు అయిదుగురు పిల్లలైతే గేజ్ పదమూడుగురిని చేసింది. లోకానికి తెలిసిన ‘నేను ఆడదాన్ని కానా?’ అనే పల్లవి కూడా గేజ్ పాఠంలోదే, 1851 నాటి పాఠంలో లేదు. గేజ్‌ది దురుద్దేశం కాకపోవచ్చు. ‘బాగుచేద్దాం’ అనే సంపాదకుల జబ్బు అది. మాకూ ఉంది కాబట్టి గుర్తుపట్టగలం.

హారియెట్ జేకబ్స్ కథ ఇంకా చేదు. నార్త్ కరొలైనాలోని ఈడెంటన్‌లో యజమాని వేధింపులు తప్పించుకోవడానికి అమ్మమ్మ ఇంటి చూరు కింద అటకలో దాక్కుంది. 9 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, ఎత్తైన చోట కూడా 3 అడుగులే. అందులో దాదాపు ఏడేళ్లు. తర్వాత ఉత్తరాదికి పారిపోయి ఒక రచయిత ఇంట్లో పిల్లల ఆయాగా కుదిరింది. ‘అంకుల్ టామ్స్ కేబిన్’తో పేరు మారుమోగుతున్న హారియెట్ బీచర్ స్టోను ఒక స్నేహితురాలి ద్వారా సాయం అడిగింది. స్టో ఏం చేసింది? ఇది నిజమేనా అని ఆ స్నేహితురాలి ఉత్తరాన్ని ఏకంగా జేకబ్స్ పనిచేసే ఇంటి యజమానురాలికే పంపింది. పెళ్లికాకుండానే ఒక తెల్లవాడి వల్ల ఇద్దరు బిడ్డలకు తల్లయిన సంగతి జేకబ్స్ ఆ ఇంట్లో అప్పటిదాకా చెప్పుకోలేదు. పైగా ఆ కథను తన కొత్త పుస్తకంలో వాడుకుంటానంది స్టో.

దాంతో జేకబ్స్ తానే రాసుకుంది, పగలు చాకిరీ, రాత్రి రాత. ప్రచురణకర్తలు పెద్దవాళ్ల పీఠిక తెమ్మన్నారు. రచయిత్రి లిడియా మరియా చైల్డ్ ఒప్పుకుంది, రాతప్రతిని మంచి మనసుతోనే సర్దింది, బానిసత్వంపై జాన్ బ్రౌన్ చేసిన తిరుగుబాటు మీద ఉన్న చివరి అధ్యాయాన్ని తీసేయించింది. ఇంతలో ప్రచురణ సంస్థ దివాలా తీసింది. జేకబ్స్ అచ్చుపలకలు కొనుక్కుని 1861లో పుస్తకం తెచ్చింది. కథలో తనకు మారుపేరు పెట్టుకుంది. పుస్తకం మొదటి పేజీలో కనిపించే వ్యక్తి పేరు ఒక్కటే, సంపాదకురాలు చైల్డ్‌ది. అందుకే వందేళ్ల పైన చాలామంది పండితులు దాన్ని చైల్డ్ కల్పించిన నవల అనుకున్నారు. పరిశోధకురాలు జీన్ ఫాగన్ యెల్లిన్ ఉత్తరాలు వెతికి నిరూపించాక, 1987 హార్వర్డ్ ప్రచురణలో గాని జేకబ్స్ పుస్తకం జేకబ్స్‌ది కాలేదు.

ఉద్యమం ముగింపులోనూ ఇదే తగువు. 1865 మేలో, అంతర్యుద్ధం అయిపోయింది కాబట్టి బానిసత్వ వ్యతిరేక సంఘాన్ని మూసేద్దామన్నాడు గారిసన్. నల్లవాడి చేతికి ఓటు వచ్చేదాకా బానిసత్వం పోయినట్టు కాదన్నాడు డగ్లస్. గారిసన్ తప్పుకున్నాడు, ఏడాది చివర ‘లిబరేటర్’ ఆపేశాడు. ఆ డిసెంబరులోనే ఖాయమైన రాజ్యాంగ 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది, నేరానికి శిక్షగా తప్ప. ఆ ‘తప్ప’ అండతోనే ఖైదీలను గుత్తకిచ్చి పనిచేయించే పద్ధతి దక్షిణాది అంతా పాకింది. నల్ల పురుషులకు ఓటుహక్కునిచ్చిన 15వ సవరణ వచ్చాక 1870లో గాని సంఘం మూతపడలేదు. డగ్లస్ అన్నదే సరైనదని మా అభిప్రాయం.

సహవాసి అనువదించిన నల్ల బానిసల గాథ ‘ఏడు తరాలు’ చదివి కదిలిపోయిన పాఠకులు మనలో వేలమంది. వాళ్లకు ఒక మనవి. జేకబ్స్ పుస్తకం దొరికితే చైల్డ్ పీఠిక దాటేసి నేరుగా ఒకటో అధ్యాయంతో మొదలుపెట్టండి. పీఠిక ఆఖర్న చదువుకోవచ్చు.