ప్రయాణపు ఇంగ్లీషు – తెలుగు శాఖల మౌనం

నెల రోజుల్లో ఇంగ్లీషు నేర్పుతామనే పుస్తకాలు బస్టాండు దుకాణాల్లో దశాబ్దాలుగా అమ్ముడవుతున్నాయి. ప్రయాణానికి సంబంధించిన ప్రకరణం ఒకటి వాటిలో సాధారణంగా కనిపిస్తుంది. ఒకవైపు తెలుగు మాట, మరొకవైపు ఆంగ్ల పదం, పక్కన తెలుగు లిపిలో ఉచ్చారణ అనేదే దాని నిర్మాణం. ఇవి పరిశోధనకు తగిన విషయాలని తెలుగు శాఖలు భావించవు. ఇది ఆంగ్ల శాఖల పని అని కొందరు, ఇంగ్లీషుకు ఊతమివ్వడం తెలుగుకు ద్రోహమని మరికొందరు వాదిస్తారు. ఈ రెండు వాదాలూ నిలిచేవి కావు. ప్రయాణానికి అవసరమైన ఇంగ్లీషు నేర్చుకోవడంలో తెలుగువారికి ఎదురయ్యే చిక్కులు చాలావరకు తెలుగు వ్యాకరణం నుంచి, తెలుగు వ్యవహారం నుంచి పుట్టినవి. వాటిని విప్పి చెప్పవలసిన బాధ్యత తెలుగు భాషాధ్యయనానిదే.

పదాల పట్టిక చాలదు

రైలు, బస్సు, టికెట్టు, స్టేషను, లగేజీ వంటి మాటలు అక్షరం రానివారి నోట కూడా నలిగినవే. తెలిసిన మాటలకే మళ్లీ అర్థం చెప్పే పట్టిక వల్ల ప్రయోజనం లేదు. పైగా, ఎరువు తెచ్చుకున్న మాట తెచ్చిన చోటి అర్థంతోనే ఉండిపోదు. తెలుగులో ‘పాసింజరు’ ప్రతి స్టేషనులో ఆగే బండి, ఇంగ్లీషులో ప్రయాణికుడు. తెలుగులో ‘బోగీ’ మనుషులు కూర్చునే పెట్టె. బ్రిటిష్ ఇంగ్లీషులో ఆ పెట్టె కింద చక్రాలుండే చట్రం. విశాఖపట్నంలో ‘జంక్షన్’ అంటే నాలుగు రోడ్ల కూడలి కూడా. తెలుగులో చేరిన అన్యదేశ్యాలకు ప్రత్యేక నిఘంటువు అవసరమని గుర్తించి సి.పి. బ్రౌన్ 1854లోనే మిశ్రభాషా నిఘంటువును ప్రచురించారు. అర్థం మారిన మాటలను మారనివాటి నుంచి వేరుచేసి చూపే ఆ రకమైన పని నేటి ప్రయాణికుడికీ అవసరం.

వాక్యం దగ్గర వచ్చే చిక్కు

‘నాకు రైలు అందలేదు’ అన్న తెలుగు వాక్యంలో కర్త రైలు. మనిషి చతుర్థిలో ఉంటాడు. ఇంగ్లీషులో రైలును ‘మిస్’ చేసేవాడు మనిషే. తెలుగులో బస్సయినా కారయినా ‘ఎక్కడం’, ‘దిగడం’ రెండే క్రియలు. ఇంగ్లీషులో బస్సుకు ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. కారుకు ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్’. ‘రెండు గంటలు’ అన్న మాట సందర్భాన్ని బట్టి గడియారపు వేళనూ చెబుతుంది, పట్టే కాలాన్నీ చెబుతుంది. ఇంగ్లీషులో రెండింటికీ వేర్వేరు మాటలు కావాలి. ‘ఎన్నో ప్లాట్‌ఫారం?’ అన్న ప్రశ్నలోని ‘ఎన్నో’కు ఇంగ్లీషులో సమానపదం లేదు. ఆ మాటకు అర్థం వెతికే అభ్యాసకుడు అక్కడే ఆగిపోతాడు, ‘విచ్ ప్లాట్‌ఫారం?’ అంటే చాలునని అతనికి పదాల పట్టిక చెప్పదు.

మర్యాద విషయంలో తేడా మరింత లోతైనది. ‘ఒక టికెట్టు ఇవ్వండి’ అన్న వాక్యంలో గౌరవం క్రియలోనే ఇమిడి ఉంది. మాటకు మాట మార్చి ‘గివ్ మీ వన్ టికెట్’ అంటే ఆ గౌరవం జారిపోయి ఆజ్ఞ మిగులుతుంది. ‘ప్లీజ్’ అంటే ‘దయచేసి’ అని నేర్పడం వల్ల ఈ లోటు తీరదు. టికెట్ల కిటికీ దగ్గర తెలుగులో ‘దయచేసి’ అనేవారు అరుదు. అక్కడ ఆ పని చేసేది ‘అండి’. కాబట్టి ‘ప్లీజ్’కు తెలుగులో జత నిఘంటువులోని ‘దయచేసి’ కాదు, వ్యవహారంలోని ‘అండి’.

అవును, కాదు

అన్నిటికంటె ప్రమాదకరమైనది రెండక్షరాల మాట. ‘మీరు అక్కడ ఉద్యోగం చెయ్యరు కదా?’ అన్న ప్రశ్నకు తెలుగువారు ‘అవును, చెయ్యను’ అనగలరు. ఆ ‘అవును’ అడిగినవారి మాటతో ఏకీభావాన్ని తెలుపుతుంది. ఇంగ్లీషులో ‘యెస్’ క్రియను అనుసరిస్తుంది. అదే ప్రశ్నకు ‘యెస్’ అని ఊరుకుంటే, ఉద్యోగం చేస్తానని ఒప్పుకున్నట్లు అర్థమయ్యే అవకాశం ఉంది. సందర్శక వీసా మీద వెళ్లినవారు అధికారి ముందు ఈ సమాధానమిస్తే కలిగే నష్టం చిన్నది కాదు. ఇది ఉచ్చారణ దోషం కాదు, పదజ్ఞానలోపమూ కాదు. రెండు భాషల్లో నిషేధ ప్రశ్నకు బదులిచ్చే పద్ధతి వేరు కావడం. ‘అవును’ అంటే ‘యెస్’ అని రాసిన పుస్తకమే ఈ తప్పును నేర్పుతోంది.

ఎవరి ప్రయాణం?

కూతురి పురుడు కోసం అమెరికాకు ఒంటరిగా బయలుదేరే తల్లి, గల్ఫ్ దేశాలకు కూలికి వెళ్లే జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల యువకుడు నేటి తెలుగు ప్రయాణికులు. నడవగలిగిన పెద్దలు కూడా విమానాశ్రయంలో చక్రాల కుర్చీ కోరడం తెలుగు కుటుంబాల్లో తెలియనిది కాదు. వారికి కావలసింది కుర్చీ కాదు, దాన్ని నెట్టే మనిషి తోడు, అతని మాట సాయం. ఆ తల్లి సంచిలో ఆవకాయ, కందిపొడి ఉంటాయి. అమెరికాలో ‘పికిల్’ అనగానే స్ఫురించేది ఊరవేసిన దోసకాయ. కందిపొడిని ‘పౌడర్’ అంటే లేని అనుమానాన్ని కొనితెచ్చుకున్నట్లే. ‘స్పైస్ మిక్స్’ అంటే అది వంటింటి వస్తువని తెలుస్తుంది. పదవ తరగతి ఉత్తీర్ణులు కాని యువకుల పాసుపోర్టు సాధారణంగా వలస తనిఖీ అవసరమైన వర్గంలోకి వస్తుంది. అంటే ప్రభుత్వమే రక్షణ అవసరమని గుర్తించిన ప్రయాణికుడతడు. ‘నా పాసుపోర్టు యజమాని దగ్గర ఉంది’ అని చెప్పగలగడం అతనికి హోటల్లో గది అడగడం కంటె ముఖ్యం.

ఫోనులోని అనువాద సాధనం ఇవన్నీ చూసుకుంటుందనే వాదం సమంజసం కాదు. ఇమ్మిగ్రేషన్ వరుసల్లో చాలాచోట్ల ఫోను వాడకంపై ఆంక్షలుంటాయి. ఉన్నపళంగా ‘యెస్’ అనేది ప్రయాణికుడే గాని ఫోను కాదు. ఇంగ్లీషు వల్ల తెలుగు చెడుతుందనే వాదానికి తెలుగు యాత్రాసాహిత్యమే సమాధానం. 1830-31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. రెండు భాషల మధ్య బతికిన మనిషి తన యాత్రను తెలుగులోనే రాశారు. పరభాష తెలిసినందువల్ల ఆయన తెలుగు తగ్గలేదు.

చేయవలసింది

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం కోసం పరిశోధకులు రైతుల దగ్గరికి వెళ్లి మాటలు సేకరించారు. ఆ క్షేత్రపద్ధతినే ప్రయాణ వ్యవహారానికీ అన్వయించాలి. తిరిగి వచ్చిన వలస కార్మికులను, పెద్దలను కలిసి, వారిని ఏమడిగారో, వారేమన్నారో, ఎక్కడ మాట తప్పిందో నమోదు చేయాలి. పాఠాలను అకారాదిక్రమంలో గాక పనుల క్రమంలో కూర్చాలి: అడగడం, నిర్ధారించుకోవడం, కాదనడం, అర్థం కాలేదనడం. వీటిలో మొదటి పాఠం ‘నాకు అర్థం కాలేదు, తెలుగు దుబాసీ కావాలి’ అన్న వాక్యం కావాలి. తెలియని మాటకు తలూపడం కంటె తన భాషను కోరడం సురక్షితమని నేర్పేది ఆ వాక్యమే.

తెలుగు మాట్లాడేవారు ఇంగ్లీషులో ఎక్కడ తడబడతారో తెలుగు వ్యాకరణం తెలిసినవారు ముందే చెప్పగలరు. చెప్పగలిగీ చెప్పకపోవడాన్ని భాషాభిమానమనలేము. ఆ మౌనానికి మూల్యం చెల్లిస్తున్నది పరిశోధకులు కాదు, అధికారి ముందు ఒంటరిగా నిలబడిన తెలుగు ప్రయాణికులు.