అమ్మ ఫోనులో అమ్మకే చోటేదీ?

"క్యాష్ క్లియర్ అని అడుగుతోందే! నొక్కావంటే బ్యాంకులో డబ్బులు పోతాయేమో, జాగ్రత్తమ్మాయ్!"

మొన్న డిసెంబరులో మా అత్తగారు అన్న మాటిది. ఫోను నా చేతిలో ఉంది. కళ్ళజోడు ఆవిడ ముక్కు మీద ఉంది. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఎందుకంటే అంతకు నెల్లాళ్ళ ముందు నాకూ అదే భయం. ఆ భయంతోనే ఫోను ఇంకొకరి చేతిలో పెట్టాను. పెట్టి, డబ్బుకంటే పెద్దదాన్నే పోగొట్టుకున్నాను.

మాది పర్చూరు దగ్గర పల్లె. ఒకప్పుడు ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. జిల్లా పేరు మారింది గానీ మా నల్లరేగడి మారలేదు, దాంట్లో మేము పడే పాట్లూ మారలేదు. నాలుగెకరాల్లో పత్తి, రెండెకరాల్లో మిరప వేస్తాం. మా ఆయనది బటన్ల ఫోను. ఇంట్లో ఉన్న టచ్ ఫోను నాదొక్కటే. నాదంటే నేను కొనుక్కున్నది కాదు లెండి. మా పెద్దాడికి ఉద్యోగం వచ్చి కొత్తది కొనుక్కున్నాక, పాతది నా చేతికొచ్చింది. మనిళ్ళల్లో బట్టలు పెద్దవాళ్ళ నుంచి చిన్నవాళ్ళకి దిగుతాయి. ఫోనులు మాత్రం చిన్నవాళ్ళ నుంచి పెద్దవాళ్ళకి వస్తాయి! మీ ఇంట్లో కాదంటారా?

అది 32 జీబీ ఫోను. అందులో చాలా భాగం ఫోను సొంత సామానుకే సరిపోతుంది. మిగిలిన కాస్త చోటులో మా మనవరాలి బొమ్మల పాటలు, మా ఆయన స్నేహితులు నా నంబరుకే పంపే రాజకీయాల వీడియోలు, చిన్నాడు సెలవుల్లో వచ్చి వేసిపోయిన ఆటలు, చుట్టాల గ్రూపుల్లో రోజూ పొద్దున్నే వచ్చే గులాబీ పూల శుభోదయాలు. నా సామానంటూ ఉంటే, విత్తనాల దుకాణం బిల్లుల ఫోటోలు, పాసుపుస్తకం ఫోటో, మా అమ్మ పంపిన వాయిస్ మెసేజీలు. అంతే.

మా అమ్మకి రాయడం రాదు. అందుకని వాట్సాప్‌లో మాట్లాడి పంపేది. "తిన్నావా అమ్మాయ్?" అని ఒకటి. "పండుమిరపకాయ పచ్చడి పెట్టేటప్పుడు కాయ కడిగితే తడి ఆరేదాకా నీడన ఆరబొయ్యి, తొందరపడి దంచావో బూజు పడుతుంది" అని ఒకటి. మధ్యలో దగ్గు, వెనకాల కోళ్ళ అరుపులు. 2025 వేసవిలో అమ్మ పోయింది. ఆ తర్వాత మనసు బాగోనప్పుడు ఒకటి పెట్టుకుని వినేదాన్ని.

అదే ఏడు పత్తి సంస్థ వాళ్ళు, అదే సీసీఐ, 'కపాస్ కిసాన్' అని యాప్ తెచ్చారు. అందులో పేరు నమోదు చేసుకుని, స్లాటు తీసుకుంటేనే మద్దతు ధరకి కొంటారు. పొడవు పింజ రకానికి ఆ ఏడు క్వింటాలుకి 8,110 రూపాయలు. తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, 12 దాటితే అసలు తీసుకోరు. పత్తి తీయించి ఇంట్లో పోశాం. వసారా నిండా బోరాలు. ఇక యాప్ వేద్దామని చూస్తే, 'చోటు లేదు' అంది ఫోను! ఒకసారి కాదు, నాలుగుసార్లు అదే మాట. ఈలోగా గుమ్మంలోకి బేరగాడు వచ్చి కూర్చున్నాడు. మద్దతు ధరకి వెయ్యిన్నర తక్కువకి అడుగుతున్నాడు. "ఇచ్చేద్దామా?" అని మా ఆయన నా మొహం చూస్తున్నాడు.

ఇరవై క్వింటాళ్ళ మీద వెయ్యిన్నర అంటే లెక్క వేసుకోండి. ముప్పై వేలు! ఫోనులో చోటు లేనందుకు!

బస్సెక్కి టౌనుకెళ్ళి ఒక ఫోన్ల దుకాణంలో ఇచ్చాను. ఆ అబ్బాయి చకచకా ఏవేవో నొక్కాడు. "అంతా క్లీన్ చేసేశానండీ, యాభై ఇవ్వండి" అన్నాడు. ఇచ్చాను, దణ్ణం కూడా పెట్టాను. యాప్ వచ్చింది, స్లాటు వచ్చింది, పత్తి మద్దతు ధరకే పోయింది. ఆ రాత్రి సంతోషంగా అమ్మకి చెప్పుకుందామన్నట్టు వాట్సాప్ తెరిచాను. ఖాళీ. ఆ అబ్బాయి వాట్సాప్ తీసేసి మళ్ళీ వేశాడు. వాయిస్ ఫైళ్ళున్న ఫోల్డరు చెత్తే కదా అనుకుని తుడిచేశాడు. బ్యాకప్ పెట్టుకోవాలన్న సంగతి నాకు తెలీదు. అమ్మ రెండోసారి పోయినట్టయింది.

ఆ అబ్బాయినేం అనను. చోటు చెయ్యమన్నాను, చేశాడు. ఏది తాలో ఏది కాయో చెప్పాల్సింది నేను. నాకే తెలీనప్పుడు అతనికేం చెబుతాను?

ఆ తర్వాత మా పక్కింటి డిగ్రీ చదివే పిల్ల కూర్చోబెట్టి చెప్పింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. అందుకే మీకూ చెబుతున్నాను.

ఈ క్యాష్‌కీ డబ్బు క్యాష్‌కీ ఏ సంబంధమూ లేదు. ఇంగ్లీషులో స్పెల్లింగే వేరు. దాచిపెట్టిన సరుకు అని దాని అర్థం. మన వంటింట్లో చెప్పాలంటే అది పోపుల డబ్బా! ఆవాలు, జీలకర్ర, మెంతులు సామాన్ల గదిలో డబ్బాల నిండా ఉంటాయి. ప్రతి తాలింపుకీ అక్కడిదాకా పరుగెత్తలేక కాస్త కాస్త తీసి పొయ్యి పక్కన పెట్టుకుంటాం. యాప్ కూడా అంతే. ఒకసారి చూసిన బొమ్మల్నీ, పేజీల్నీ మళ్ళీ తొందరగా చూపించడానికి దగ్గర పెట్టుకుంటుంది. వాడేకొద్దీ ఆ డబ్బా పెరుగుతుంది. దాన్ని ఖాళీ చేస్తే మన ఫోటోలు పోవు, మెసేజీలు పోవు, బ్యాంకులో డబ్బు అసలే పోదు. మొదటిసారి తెరిచినప్పుడు యాప్ కాస్త మెల్లగా వస్తుంది, అంతే.

సెట్టింగ్స్‌లో యాప్స్ అని ఉంటుంది. అందులో ఒక యాప్ నొక్కి స్టోరేజ్‌లోకి వెళ్తే రెండు మీటలు కనిపిస్తాయి. ఒకటి 'క్లియర్ క్యాష్'. తెలుగు పెట్టుకున్న ఫోనుల్లో 'కాష్' అని ఉండొచ్చు. ఇది పోపుల డబ్బా. భయం లేదు. పక్కనే 'క్లియర్ డేటా' అనో, 'క్లియర్ స్టోరేజ్' అనో ఉంటుంది. అది సామాన్ల గది! అది నొక్కితే ఆ యాప్ కొత్తగా వేసినట్టయిపోతుంది. దాంట్లో మీరు దాచుకున్నవి పోవచ్చు, మళ్ళీ పాస్‌వర్డులూ ఓటీపీలూ మొదటికొస్తాయి. రెండు మీటలూ పక్కపక్కనే ఉంటాయి మరి! అందుకే తొందర కూడదు. అమెరికాలో ఉన్న అమ్మాయి ఐఫోను పంపితే అందులో ఇలా ప్రతి యాప్‌కీ ఈ మీట ఉండదు. యాప్‌ని తాత్కాలికంగా తీసి, లోపలి సమాచారం మాత్రం ఉంచే 'ఆఫ్‌లోడ్' అనే ఏర్పాటు ఉంటుంది.

ఇంకో సంగతి. క్యాష్ తుడిస్తే వచ్చేది కొద్దిరోజుల ఊరటే. వాడుతుంటే మళ్ళీ నిండుతుంది. రోజూ తుడవాల్సిన పనీ లేదు. అసలు బరువు వాట్సాప్ వీడియోలది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా'లో 'మేనేజ్ స్టోరేజ్' నొక్కితే ఏ గ్రూపు ఎంత చోటు తింటోందో వరుసగా చూపిస్తుంది. 5 ఎంబీ దాటినవి వేరుగా, పదిమంది చేతులు మారి వచ్చినవి వేరుగా పెడుతుంది. అక్కడే ఫోటోలూ వీడియోలూ వాటంతటవి దిగకుండా కట్టెయ్యొచ్చు. నేను చూస్తే మా ఇంటి పేరు గ్రూపు ఒక్కటే మూడు జీబీ తింటోంది! 'క్లీనర్' అంటూ ఊరించే యాప్‌ల జోలికి మాత్రం పోకండి. చెత్త ఊడ్చడానికి ఇంకో చెత్తబుట్టని ఇంట్లో పెట్టుకోవడం దేనికి?

"ఇదంతా ఎందుకమ్మా, ఫోను ఇటివ్వు, నేను చూస్తాగా" అంటారు ఇంట్లో మగవాళ్ళు, పిల్లలు. ప్రేమతోనే అంటారు. కానీ వాళ్ళు చూస్తే ఏం తీసేస్తారు? ఆటలు తీస్తారా? వాళ్ళ వీడియోలు తీస్తారా? వాళ్ళ కళ్ళకి అనవసరంగా కనిపించేవి మనవే. పాత ఫోటోలు, అర్థంకాని వాయిస్ మెసేజీలు, ముగ్గుల చిత్రాలు. ఇంట్లో మన బీరువా సంగతీ అంతే కదా! అందరి కాగితాలూ అందులోనే ఉంటాయి, మన రెండు చీరలకి చోటుండదు. నింపేది అందరూ. నిండిందని విసుక్కునేది మన మీద. "నీకు వాడటం రాదు" అన్న బిరుదొకటి అదనం.

ఈ రోజుల్లో ఫోను సరదా వస్తువు కాదు. పత్తి అమ్మాలంటే యాప్. గ్యాసు బండికి ఓటీపీ. 2025 జనవరిలో మొదలైన 'మన మిత్ర'తో ప్రభుత్వ సేవలు కూడా వాట్సాప్‌లోకే వచ్చాయి. అలాంటిదాన్ని ఎవరి చేతిలోనో పెట్టి, వాళ్ళు ఏం నొక్కుతున్నారో తెలీక నోరు తెరుచుకుని నిలబడటం ఇక చాలు. పాత ఫోనైతే ఏం, మన ఫోనులో ఏది ఉండాలో మనమే చెప్పాలి. పిల్లల ఆటలు పిల్లల ఫోనుల్లోకే పోవాలి. ఆయన స్నేహితుల వీడియోలకి ఆయనే దారి చూసుకోవాలి. అడగడానికి మొహమాటం దేనికి?

"మాకు ఇవి రావు" అనకండి. ఫిబ్రవరి, మార్చి ఎండల్లో మన కళ్ళాల మీద కూర్చుని రోజుకి ఎన్ని కాయలు చూస్తాయి మన ఆడవాళ్ళ చేతులు! ఎర్ర కాయ ఒక పక్క, తాలు కాయ ఒక పక్క. గుంటూరు యార్డులో టిక్కీకి పలికే ధరలో ఆ చేతుల తెలివి ఉంది. అన్ని వేల కాయల్లో తాలు ఏరగలిగిన మనకి, ఫోనులో తాలు ఏరడం ఒక లెక్కా? ఎవరన్నా ఒక్కసారి చూపించాలి, అంతే.

నేను నా వంతు మొదలుపెట్టాను. మా డ్వాక్రా గ్రూపులో పదిమందికి చూపించాను. మొదట అందరికీ చెప్పేది ఒకటే. ముందు మీకు కావాల్సినవి భద్రం చేసుకోండి, తర్వాతే తుడవండి. బ్యాకప్ పెట్టుకోండి. పోతే దొరకని వాటిని ఇంకో ఫోనుకీ పంపి ఉంచండి. బిల్లులూ పాసుపుస్తకమూ కాగితాలు కూడా దాచండి.

మా అమ్మ గొంతు కోసం చుట్టాలందర్నీ అడిగాను. చివరికి మా అన్నయ్య ఫోనులో ఒక్కటి దొరికింది. పదకొండు సెకన్లు. "ఒరేయ్, పత్తి ఎంతకి పోయింది? చెల్లెలికి ఫోను చేశావా?" అంతే. ఇప్పుడది మూడు చోట్ల దాచాను.

మీ అమ్మగారి గొంతు మీ ఫోనులో ఉందా? అయితే ఈ పేజీ పక్కన పెట్టి, ముందు ఆ పని చూడండి.