బడికి కావలియా, తుపాకికి కట్టడియా?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నే పాఠశాలయందైనను తుపాకి ప్రేలినంతనే రెండు పక్షములు బయలుదేరుచున్నవి. తుపాకులను కట్టడి చేయుడని యొక పక్షము. బడి వాకిట తుపాకి పట్టిన మనిషిని నిలుపుడని రెండవ పక్షము. కొన్నిదినములు సంతాపము, కొన్నిదినములు వాగ్వాదము, పిమ్మట మఱియొక బడిలో ప్రేలుడు వినబడువఱకు మౌనము. ఈ వివాదము మనకేల యని చదువరులు కొంద ఱడుగవచ్చును. టెక్సాసు, జార్జియా, న్యూజెర్సీ మున్నగు రాష్ట్రముల బడులలో నేడు తెలుగుబిడ్డలు వేలకొలదిగా చదువుచున్నారు. గుంటూరులోను కరీంనగరములోను వారి తాతలు, అమ్మమ్మలు వార్తలలో నే యూరిపేరు వచ్చునో యని చెవి యొగ్గి యున్నారు. అదియునుగాక, మేము బడిపంతులము. పంతులచేతికి సుద్దముక్కతోబాటు పిస్తోలును గూడ నీయవలెనను వాదము ఏ దేశమున బుట్టినను మా వృత్తిని దాకునదే. కావున మా మాట చెప్పుటకు మాకును గొంత యధికారము కలదని తలంచుచున్నాము.

కావలివాదము నేటి రూపము దాల్చినది 2012వ సంవత్సరమున. ఆ యేడు డిసెంబరు 14న కనెక్టికటు రాష్ట్రమున న్యూటౌను పట్టణమునందలి శాండీహుక్ పాఠశాలలో నొక యువకుడు ఆరేడేండ్ల పసివాండ్రను 20 మందిని, బడిలో పనిచేయు స్త్రీలను ఆరుగురిని చంపెను. బడితలుపు తాళము వేసియే యున్నది. వాడు ప్రక్కనున్న యద్దమును కాల్చి లోనికి జొచ్చెను. అయిదు నిమిషములైన నిండక మున్నే యొక్క రైఫిలునుండి 154 తూటాలు వెడలినవి. వారము తిరుగకుండనే జాతీయ రైఫిలు సంఘమువారి ప్రతినిధి పత్రికలవారిని బిలిచి, చెడ్డవాని తుపాకి నాపగలిగినది మంచివాని తుపాకి యొక్కటేయనియు, ప్రతిబడికిని సాయుధుడైన కావలివాని నియమింపవలసినదనియు జెప్పెను. మాట సొంపుగానున్నది, వినినవాని కంఠమున నిలుచును. నిజమేమో పరీక్షింతము.

ఈ మందును అమెరికావారు అంతకుముందే వాడియుండిరి. 1999 ఏప్రిలు 20న కొలంబైను ఉన్నత పాఠశాలలో 12 మంది విద్యార్థులును ఒక యుపాధ్యాయుడును హతులైననాడు ఆ బడికి నియుక్తుడైన సాయుధ రక్షకభటుడు కలడు. అతడు హంతకునితో తుపాకి కాల్పులు జరిపెను గూడ. వాడు లోనికి బోయి తన పని సాగించెను. 2018 ఫిబ్రవరి 14న ఫ్లారిడాలోని పార్కులాండు బడిలో 17 మంది మరణించిరి. అచ్చటి సాయుధ రక్షకుడు కాల్పులు జరుగుచున్న భవనము వెలుపలనే నిలిచిపోయెను. అతనిపై నేరము మోపిరి. 2023లో జూరీవారు నిర్దోషి యనిరి. అతడు పిఱికివాడో కాదో మేము విచారింపము. ఒక చేతితుపాకితో, రైఫిలు మ్రోగుచున్న గదులలోనికి ఒంటరిగా బోవుమని యొకని నియమించి, పోకున్న నాశ్చర్యపడుట యేమి న్యాయము?

ఒంటరివాడు గనుక వెనుదీసెను. పదుగురున్న వేఱుగా నుండును అందురేమో. అట్లనువారు 2022 మే 24వ తేదీని దలంచుకొనవలెను. టెక్సాసు రాష్ట్రమున యువాల్డీ యను చిన్న పట్టణము. ఆ పాఠశాలా మండలికి తనదైన పోలీసుదళమే కలదు. పదునెనిమిదేండ్లు నిండి కొలదిదినములైన గాని కాని యొక పిల్లవాడు అంగడిలో చట్టప్రకారము కొనిన రైఫిలుతో రాబ్ ప్రాథమిక పాఠశాలను బ్రవేశించెను. మొదటి రక్షకభటులు మూడు నిమిషములలోనే వచ్చిరి, తలుపుకడకు బోయిరి, లోపలినుండి తూటాలు రాగా వెనుకకు మఱలిరి. అటుపిమ్మట 77 నిమిషములు గడచినవి. పురపోలీసులు, షెరీఫుమనుష్యులు, రాష్ట్రదళములు, సరిహద్దు రక్షకులు, అంద ఱొక్కటొక్కటిగ జేరి 376 మంది యైరి. ఈ లెక్క టెక్సాసు శాసనసభ నియమించిన విచారణసంఘమువారిదే. డాలులు, శిరస్త్రాణములు, రైఫిళ్లు అన్నియు నున్నవి. లోపలినుండి బిడ్డలు ఫోనులో పోలీసులను రమ్మని వేడుకొనుచునే యుండిరి. నడవలో నిలిచిన భటులలో నొకడు గోడకున్న సీసానుండి ద్రవము దీసికొని చేతులు శుభ్రపఱచుకొనుట ఛాయాయంత్రమున బడి లోకమంతయు జూచినది. 19 మంది బిడ్డలును ఇద్దఱు పంతులమ్మలును పోయిరి. మంచివారి తుపాకులు 376 ఉండి, చెడ్డవాని తుపాకి యొక్కటి యుండెను. ఆ సూత్రమునకు ఇంతకంటె పెద్దపరీక్ష యేది?

మేము పక్షపాతము వహింపదలచుకొనలేదు. సాయుధ రక్షకుడు మేలుచేసిన సందర్భములును గలవు. 2018 మే నెలలో ఇల్లినాయి రాష్ట్రమున డిక్సను పట్టణపు బడిలో రక్షకు డొకడు తుపాకితో వచ్చిన పూర్వవిద్యార్థి నెదిర్చి గాయపఱచి పట్టుకొనెను. ఒక్క ప్రాణమైన బోలేదు. అతనిని మేమును మెచ్చుకొందుము. కాని 2024 సెప్టెంబరు 4న జార్జియా రాష్ట్రమునందలి అపలాచీ పాఠశాలలో జరిగినదేమి? అచ్చటి రక్షకులు తమ విధిని చక్కగానే నిర్వర్తించిరి. నిమిషములలో నెదురుపడి పదునాలుగేండ్ల హంతకుని లొంగదీసిరి. ఆ లోపుననే ఇద్దఱు విద్యార్థులును ఇద్దఱు ఉపాధ్యాయులును మరణించియుండిరి. కావలివాడు పిఱికియైనను శూరుడైనను, వానికన్న ముందు తూటా వచ్చి చేరుచున్నది. బడికి వాకిళ్లనేకములు, కావలివాడు ఒక్కడు. న్యూయార్కు పోలీసులు 1998 మొదలు 2006 వఱకు ఎదురుకాల్పులలో ప్రయోగించిన తూటాలలో గుఱి తగిలినవి నూటికి సుమారు 18 అని రాండు సంస్థవారు లెక్కకట్టియున్నారు. శిక్షణ పొందినవారి గతియే యిది. తక్కిన 82 తూటాలు పిల్లలు పరుగెత్తుచున్న నడవలో నెక్కడికి బోవునో కావలివాదు లేనాడును జెప్పరు.

1980 నుండి 2019 వఱకు జరిగిన 133 ఘటనలను బరిశీలించి కొందఱు పండితులు 2021లో నొక వైద్యపత్రికయందు వ్యాసము ప్రకటించిరి. సాయుధ రక్షకులున్న బడులలో మరణముల రేటు తక్కువ గాకపోగా, లేని బడులకంటె 2.83 రెట్లు హెచ్చుగ నున్నదని తేలినది. కావలివాడే మరణములకు గారణమని దీనివలన సిద్ధాంతము చేయరాదు. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒక్కమాఱే జరిగినంత మాత్రమున కార్యకారణము లేర్పడవని తర్కము చదివినవా రెఱుగుదురు. కాని కావలివానివలన మరణములు తగ్గుననుటకు ఆ లెక్కలలో సాక్ష్యము దొరకలేదనుటయైతే నిక్కము. దానికి హేతువును ఊహింపవచ్చును. ఈ హంతకులలో బలువురు తామును జచ్చుటకే సిద్ధపడి వచ్చువారు. చావునకు వెఱవనివానిని చంపుదుమని బెదరించి నిలుపుట యెట్లు?

ఇక ముఖ్యాంశమునకు వత్తము. ఈ పిల్లలకు తుపాకు లెక్కడివి? అమెరికా ప్రభుత్వపు రహస్యసేవాశాఖవారు 2008 నుండి 2017 వఱకు జరిగిన 41 దాడులను శోధించి 2019లో నివేదిక వెలువరించిరి. తుపాకి వాడినవారిలో ముప్పాతికమంది దానిని తమ తల్లిదండ్రుల యింటనుండియో దగ్గఱి బంధువుల యింటనుండియో తెచ్చుకొనిరట! శాండీహుక్ హంతకుని రైఫిలు వాని తల్లిది. ఆ యుదయమున వాడు మొదట చంపినది ఆమెనే. మిషిగను రాష్ట్రమున ఆక్సుఫర్డు పాఠశాలలో 2021 నవంబరు 30న నలుగురిని చంపిన బాలునికి తండ్రి నాలుగు దినములముందు పిస్తోలు కొనియిచ్చెను. 2024లో ఆ తల్లిదండ్రు లిరువురికిని న్యాయస్థానము కారాగారశిక్ష విధించినది.

ఇచ్చట మాకు భారతమునందలి సౌప్తికపర్వము మనసున మెదలుచున్నది. ద్రోణుడు బ్రహ్మశిరోనామకాస్త్రమును అర్జునునకు సంతోషముతో నిచ్చెను. కొడుకు తనకును గావలెనని పట్టుబట్టగా, వాని చపలస్వభావము నెఱిగియు, మనసొప్పకయే యిచ్చెను. మనుష్యులపై బ్రయోగింపకుమని హెచ్చరికయు జేసెను. ఆ కొడుకు చేసినదేమి? రాత్రివేళ శిబిరమున జొచ్చి నిద్రించుచున్న ద్రౌపదీపుత్రులను జంపెను. పిదప ఉత్తరాగర్భముపైకి ఆ యస్త్రమునే విడిచెను. ఆ శిబిరమున ఆయుధములకు గాని శూరులకు గాని లోటు లేకుండెనని చదువరులకు గుర్తుచేయ నక్కఱలేదు. చపలుడని తెలిసియు బిడ్డచేతికి అస్త్రమిచ్చి, వాడవద్దని నోటిమాట చెప్పిన తండ్రులు నేడును గలరు. ద్రోణాచార్యుడు పంతులై యుండియు నాయుధము ధరింపలేదా యని యెవరైన నడిగినచో, ఆ పంతులు శిష్యునిచేతనే తల కోయించుకొనెనని మాత్రము చెప్పెదము.

కట్టడివలన ఫలమున్నదా యనుదానికి స్కాట్లండుదేశము సాక్షి. 1996 మార్చి 13న డన్‌బ్లేను పట్టణపు బడిలో నొకడు పదునాఱుగురు పసివాండ్రను వారి యుపాధ్యాయురాలిని చంపెను. వాని చేతితుపాకులన్నియు లైసెన్సు గలవియే. బిడ్డలను గోల్పోయిన యూరు కావలివానిని గోరలేదు. చేతితుపాకులను నిషేధింపుడని కోరినది. ఏడులక్షలకు బైగా జనులు సంతకములు చేసిరి. 1997లో పార్లమెంటు రెండు చట్టములను జేసినది. లక్షన్నరకు మించి తుపాకులు ప్రభుత్వమునకు వచ్చి చేరినవి. అటుతర్వాత బ్రిటనులో బడిలో నిట్టి నరమేధము జరుగలేదు. తుపాకిహత్యలే లేవని మేమనము. 2010లో కంబ్రియాయందు 12 మందిని జంపినవాడు కలడు. జర్మనీలో 2002లో ఎర్ఫుర్టు, 2009లో విన్నెండెను బడులలోను రక్తము ప్రవహించినది. విన్నెండెను బాలునికి పిస్తోలు దొరికినది తండ్రి తాళమువేయక విడిచిన చోటనే. చట్టము పూర్ణకవచము గాదు. వానకు గొడుగు పట్టినను పాదములు తడియును. అంతమాత్రమున గొడుగును బాఱవేయువా రుందురా?

అమెరికాలో ప్రజలచేత సుమారు 39 కోట్ల తుపాకులున్నవని 2018లో నొక యంచనా, జనసంఖ్యకంటె హెచ్చు! ఇన్నిటి నెట్లు తొలగింతురని కావలివాదులడుగుదురు. ఇది వారి వాదములలో బలమైనది, మేము దాటవేయము. అన్నియు దొలగింప నవసరములేదు. ఇంట తాళము వేయించుట, కొనువాని వయసు పెంచుట, కొనుటకు గడువు పెట్టుట, ప్రమాదకారియని తేలినవానినుండి న్యాయస్థానము తుపాకి దీసికొనుట, ఇవి చాలు ముందునకు. పార్కులాండు తర్వాత ఫ్లారిడావారే, తుపాకియం దంత ప్రీతిగలవారే, కొనుగోలు వయసును 21కి బెంచి, మూడుదినముల గడువు విధించిరి. 1791 నాటి రాజ్యాంగసవరణ యడ్డమనుట గూడ పూర్ణసత్యము గాదు. తుపాకిహక్కును స్థాపించిన 2008వ సంవత్సరపు హెల్లరు తీర్పునందే, పాఠశాలలవంటి స్థలములలో దాని నిషేధించు చట్టములను తాము సందేహింపమని న్యాయమూర్తులు వ్రాసియున్నారు.

హక్కుమాట వచ్చినది గనుక మన చరిత్రము నొకింత చెప్పవలెను. 1878 నాటి ఆయుధచట్టముచే తెల్లవారు మనల నిరాయుధులను జేసిరి. ఆ యవమానము దేశీయులను జిరకాలము బాధించినది. 1931లో కరాచీ కాంగ్రెసు ఆయుధధారణమును పౌరహక్కులలో జేర్చినది. అయినను 1948 డిసెంబరున రాజ్యాంగసభలో కామతుగారు ఆ హక్కును ప్రతిపాదింపగా, అంబేద్కరుగా రంగీకరింపలేదు, సభయు నంగీకరింపలేదు. అవమానము ననుభవించినవారే, స్వేచ్ఛ చేతికి వచ్చినప్పుడు, తుపాకిని హక్కుగాగాక అనుమతిగా నుంచిరి. ఆ తీర్మానమువలన మన బడిపిల్లల కెంత మేలైనదో మనము తలంచుకొనుట యరుదు. పెషావరులో 2014 డిసెంబరు 16న జరిగినట్లు సైన్యమువలె సిద్ధమైన ముష్కరులు బడిపైబడు దేశములలో సాయుధరక్షణము తప్పదు. ఆ సంగతి వేఱు. ఇంటిగూటిలోని తుపాకి నెత్తుకొని వచ్చు పిల్లవాని సంగతి వేఱు. రెంటికిని ఒకే చికిత్స చేయువాడు వైద్యుడు గాడు. బడికి గోటకట్టినచో హంతకుడు మఱియొకచోటికి బోవును. 2023 మే 6న టెక్సాసులోని ఆలెను పట్టణపు అంగళ్లయొద్ద హతులైన 8 మందిలో మన తెలుగు యువతియు నొకతె.

తుదకు పంతులచేతి తుపాకి. 2007 ఏప్రిలు 16న వర్జీనియా టెక్ విద్యాలయమున 32 మంది చంపబడిననాడు, డెబ్బదియారేండ్ల ఆచార్య లివియు లిబ్రెస్కు గదితలుపున కడ్డముగా నిలిచి, శిష్యులు కిటికీలనుండి దుమికి పాఱిపోవువఱకు పట్టువిడువక ప్రాణములర్పించెను. హిట్లరుకాలపు మారణకాండనుండి బ్రతికి బయటపడిన వృద్ధు డతడు. అతనిచేత తుపాకిలేదు. అందఱు పంతుళ్ళును లిబ్రెస్కులని మేమనము. అందఱును గుఱికాండ్రనియు ననలేము. 2018 మార్చిలో కాలిఫోర్నియాలోని సీసైడు బడిలో, తుపాకిభద్రతను బోధించుచునే యొక యుపాధ్యాయుడు పొరపాటున తరగతిలో తుపాకి ప్రేల్చెను. అంతకు కొన్నివారముల ముందు జార్జియాలోని డాల్టనులో మఱియొకడు గదిలో తలుపు వేసికొని కావలెననియే కాల్చెను. పిల్లవాని కోపము, పంతులలుపు, ఇవి రెండును తరగతిలో దినదినము నెదురుపడునవే. ఆ రెంటినడుమ నొక పిస్తోలును జేర్పుడనువారు ఒక్క సంవత్సరము తొమ్మిదవ తరగతికి పాఠము చెప్పి చూడవలెను.

నాష్‌విల్లు నగరములోని కవనెంటు పాఠశాలలో 2023 మార్చి 27న ముగ్గురు బిడ్డలును ముగ్గురు పెద్దలును హతులైరి. ప్రమాదకారులనుండి తుపాకులు దీసికొను విధి నేర్పఱుపుమని తల్లులు టెనెస్సీ శాసనసభ మెట్లపై నిలిచి వేడిరి. సభవా రది చేయలేదు. 2024 ఏప్రిలున వేఱొక చట్టము జేసిరి: శిక్షణపొందిన యుపాధ్యాయులు బడిలో తుపాకిని రహస్యముగా ధరింపవచ్చును. ఏ పంతులు ధరించెనో వెల్లడి చేయరాదు. తమ బిడ్డ కూర్చున్న గదిలో తుపాకి యున్నదో లేదో తెలిసికొను నధికారము ఆ రాష్ట్రమున తల్లిదండ్రులకు లేదు.