కొంచెం పని ఉంది

మొగుడి బేరం చెడగొట్టిన ఆడదాన్ని నేను. కల్లూరులో మా వీధి వీధంతా ఈ మాటే అనుకుంటోంది కనక దాచి లాభం లేదు. జరిగింది చెప్తాను, తప్పెవరిదో మీరే తేల్చండి.

మా పెరట్లో వేపచెట్టు కింద 2013 నుంచీ ఓ జీపు ఉంది. జీపనగానే మీ కళ్ళముందు మెదిలే జీపు కాదు. టాపు లేదు, సీట్లు లేవు. బానెట్ గోడకి చేరేసి ఉంది, దాని చాటున మా కోడి గుడ్లు పెడుతుంది. చక్రాలు మూడే, నాలుగోవైపు ఇటుకలు. గేర్‌బాక్స్ స్టోర్ రూములో బియ్యం డబ్బా పక్కన కూర్చుంది. పెట్రోలు ఇంజను తీయించి డీజిలు ఇంజను పెట్టించారు మావారు. అక్కడితో ఆగింది.

జీపుమీద మోజుని నేను తప్పుపట్టను. మహీంద్రావాళ్ళు 1947లో విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు. ఒకప్పుడు మా వైపు అడవి పల్లెలకి పెళ్ళివారు వెళ్ళాలన్నా, నొప్పులొచ్చిన మనిషిని ఆసుపత్రికి తేవాలన్నా జీపే దిక్కు. నేను కాపరానికొచ్చింది కూడా జీపులోనే. అమెరికాలో కుర్రాళ్ళకీ ఇదే పిచ్చిట. 1932 నాటి ఫోర్డు కార్లలాంటివి చవగ్గా కొని, మడ్‌గార్డులు పీకేసి, ఇంజను మార్చి కాలిఫోర్నియాలో ఎండిన చెరువుల మీద పరుగులు తీయించేవాళ్ళు. హాట్ రాడ్ అంటారు వాటిని. మావారు ఫోన్లో వాటిని చూసే ఈ పనికి దిగారు. పూర్తికానివి అక్కడా అమ్ముతారు. ఆ సంగతి మాత్రం ఆయన చూడలేదు.

ఎన్నిసార్లు అమ్మెయ్యమన్నా "ఇంకెంత, కొంచెం పని ఉంది" అనేవారు. నేను సగం అల్లి వదిలేసిన స్వెట్టరు బద్ధకం, ఆయన సగం విప్పి వదిలేసిన జీపు సరదా! నా ట్రంకుపెట్టెలోనూ సగం రాసిన నవలలు మూడున్నాయి లెండి. కానీ వాటికోసం నా చంద్రహారం బ్యాంకుకెక్కలేదు. జీపుకోసం ఎక్కింది.

చివరికి సంక్రాంతి వెళ్ళాక అమ్మడానికి ఒప్పుకున్నారు. ధర? పదకాగితంలాంటి పాత డైరీ తీసి పెట్టిన ఖర్చంతా కూడి, రెండు లక్షలు చెప్పారు. విజయవాడ ఆటోనగర్‌కి వెళ్ళొచ్చిన బస్సు చార్జీలూ, అక్కడ తిన్న భోజనాలూ కూడా అందులో ఉన్నాయి! అయ్యా, మన చేతి చమురు కొనేవాడి కెందుకు? పూర్తికాని వస్తువుకి ధర మనం పోసినదాన్ని బట్టి కాదు, వాడింకా పోయాల్సినదాన్ని బట్టి.

సత్తుపల్లి వైపునుంచి ఓ కుర్రాడొచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో. జీపు చుట్టూ గుడిచుట్టూ తిరిగినట్టు తిరిగాడు. "కొంచెం పని ఉంది బాబూ" అన్నారు మావారు. ఆ అబ్బాయి జేబులోంచి బయానా తీస్తున్నాడు. నేను కాఫీ ఇస్తూ అడిగాను, "ఆర్సీ చూశావా నాయనా?" అని.

అంతే. అదే నా నేరం. ఆర్సీలో పెట్రోలని ఉంది, జీపులో ఉన్నది డీజిలు. మార్పుకి అనుమతి తీసుకోలేదు, కాగితంలో ఎక్కించలేదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఇందుకే ఉంది. 2019లో చట్టం సవరించాక, అనుమతి లేని ఒక్కో మార్పుకి అయిదు వేల జరిమానా, లేదా ఆరునెలలదాకా జైలు, లేదా రెండూ. పైగా సొంత బండికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళే, ఆపైన అయిదేసి ఏళ్ళకి పొడిగించుకోవాలి. మాది ఎప్పుడో తీరిపోయింది. ఇవన్నీ "కొంచెం పని"లోకే వస్తాయా?

అబ్బాయి డబ్బు జేబులో పెట్టుకుని "ఇంట్లో అడిగొస్తానమ్మా" అని వెళ్ళిపోయాడు. మావారు రెండ్రోజులు మాట్లాడలేదు. మా పెద్ద వదినగారు ప్రత్యేకంగా వచ్చి "మొగుడి బేరం చెడగొట్టే పెళ్ళాన్ని ఎక్కడా చూళ్ళేదమ్మా" అని కాఫీ తాగి వెళ్ళారు. "కొనేవాడే చూసుకోవాలి, మనకెందుకు?" అని ఆవిడ వాదన.

ఎందుకు కాదూ? పెళ్ళిచూపుల్లో అబ్బాయి ఉద్యోగం ఊడిందని దాస్తే ఈ వదినగారే కదా పదూళ్ళు ఎక్కి దిగి తిట్టింది! అప్పుడు "చూసుకోవాల్సింది మనమే" అనలేదే? ఆ కుర్రాడి డబ్బు వెనకా ఓ అమ్మ గాజులో, ఓ అక్క చీటీ పాటో ఉండి ఉంటుంది. నా హారం పోయిన దారినే వాటినీ పంపించి నేను చేతులు కడుక్కోవాలా? సగంలో ఆపి అమ్ముకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఓపిక లేకపోయింది, డబ్బు చాల్లేదు, అమ్ముతున్నాం అంటే ఎవరు కాదన్నారు? దాన్ని ముప్పాతిక అయిందని అమ్మడంలోనే ఉంది సిగ్గంతా.

అందుకని ఈసారి ప్రకటన నేనే రాశాను. "పాత మహీంద్రా జీపు అమ్మబడును. ఛాసిస్ గట్టిది. ఇంజను మార్చినది, ఆర్సీలో ఎక్కలేదు. రిజిస్ట్రేషన్ గడువు తీరినది. చక్రాలు మూడు, టాపు, సీట్లు లేవు. గేర్‌బాక్స్ విడిగా ఇవ్వబడును. నడవదు, ట్రాక్టరు ట్రాలీ తెచ్చుకోవలెను. ధర డెబ్భై వేలు."

మావారు చదివి, "నడవదు" ముందు "ప్రస్తుతం" అని చేర్చారు. నేను కొట్టేశాను. పొద్దున చూస్తే మళ్ళీ ఉంది.