ఖాళీ డబ్బాలే వాద్యాలు.. లయలోనే పాఠాలు

ప్రాథమిక బడికి సంగీత బోధకులు కరవు.. ఉన్న గురువులకు శిక్షణే మార్గం

నాగర్‌కర్నూల్: సొరకాయ బుర్రలు, వెదురు గొట్టం, కొన్ని తీగలు. ఇవి ఒక్కచోట చేరితే కిన్నెర అవుతుంది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మన జిల్లా కళాకారుడు దర్శనం మొగులయ్యను 2022లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. చేతికందిన వస్తువులతో వాద్యం తయారుచేసుకొనే నేర్పు పల్లెకు కొత్త కాదు. ఆ నేర్పు ప్రాథమిక పాఠశాల తరగతి గదిలోకి అడుగుపెట్టడమే అరుదుగా మారింది.

వినిపిస్తేనే బోధపడేవి..

రాతలో దీర్ఘం వదిలేయడం చిన్న తరగతుల్లో తరచూ కనిపించే పొరపాటు. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు మాత్రల కాలమని వ్యాకరణం చెబుతుంది. ఈ సూత్రాన్ని చిన్నారులకు వివరించడం కష్టం, చిడతలతో వినిపించడం సులువు. ‘కలం’లో తొలి అక్షరానికి ఒక దెబ్బ, ‘కాలం’లో రెండు దెబ్బలు వేస్తే తేడా చెవికి తెలుస్తుంది. ఆపై చేతికి అందుతుంది.

గణితమూ అంతే. ఒక జట్టు 8 లెక్కల ఆదితాళాన్ని, మరో జట్టు 6 లెక్కల రూపకతాళాన్ని ఒకేసారి ఆరంభిస్తే, 24 లెక్కలు పూర్తయ్యాకే రెండు జట్ల తొలి దెబ్బలు మళ్లీ కలుస్తాయి. పిల్లలను భయపెట్టే కనిష్ఠ సామాన్య గుణిజం ఇదే.

గాజు సీసాలో నీరు పెంచి చెంచాతో కొడితే స్వరం తగ్గుతుంది. అదే సీసా మూతిపై ఊదితే స్వరం పెరుగుతుంది. మొదటిదాంట్లో గాజు, నీరు కంపిస్తే, రెండోదాంట్లో లోపలి గాలి కంపిస్తుంది. ఒక్క సీసాతోనే ఇంత విజ్ఞానం బోధించవచ్చు.

చట్టంలోనే వెలితి

2009 నాటి విద్యాహక్కు చట్టం వంద మందికి పైగా పిల్లలున్న బడుల్లో 6 నుంచి 8 తరగతులకే కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకులను నిర్దేశించింది. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఆ ఊసే లేదు. 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు ఉపాధ్యాయులే. ఇద్దరే ఐదు తరగతులను నడపాల్సిన చోట ప్రత్యేక సంగీత పీరియడు ఆశించడం అత్యాశే. పదో తరగతి వరకు కళావిద్య ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సూచించింది. కళలను పాఠాలతో మేళవించాలని 2020 జాతీయ విద్యావిధానమూ చెప్పింది. మాటలకు కొదవ లేదు, మనుషులకే కొదవ.

ఏం చేయాలి?

వేరే పీరియడు కోసం ఎదురుచూడకుండా ఉన్న పాఠంలోనే పది నిమిషాల లయకు చోటివ్వవచ్చు. పాఠశాల సముదాయ సమావేశాల్లో డబ్బా, చిడతలు, గింజల గిలక తయారీని ఉపాధ్యాయులకు చేసి చూపాలి. ఊరి డప్పు కళాకారులను, భజన బృందాలను బడికి పిలవాలి. రేకు అంచులు గీరుకోకుండా, గింజలు పసివారి నోట పడకుండా జాగ్రత్తపడితే చాలు.

నిశ్శబ్దంగా ఉన్న తరగతే మంచి తరగతి అన్న అభిప్రాయాన్ని తనిఖీ అధికారులూ విడిచిపెట్టాలి. బడిలో డబ్బా మోగితే అల్లరి అని కాక, పాఠం సాగుతోందని భావించిన నాడే గురువులకు ధైర్యం, పిల్లలకు చదువుపై మక్కువ కలుగుతాయి.