రాజీనామాకు ముందు పదేళ్లు

వ్యాపారం వదిలి బొమ్మలు వేయడానికి వెళ్లినవాళ్ల కథలు ఎవరు చెప్పినా అందులో పాల్ గోగాన్ పేరు వస్తుంది. పారిస్‌లో షేర్ల లావాదేవీలు చూసుకునే మనిషి ఉన్నపళంగా అన్నీ విదిలించుకుని కుంచె పట్టాడని, తాహితీ దీవికి పోయి మహా చిత్రకారుడయ్యాడని చెబుతారు. ఆయన జీవితం ఆధారంగా సోమర్‌సెట్ మామ్ 1919లో రాసిన ‘ది మూన్ అండ్ సిక్స్‌పెన్స్’ నవల ఈ కథను ఊరూరా తిప్పింది. నవలగా నాకు ఇష్టమే. దాన్ని బతుకుదారిగా పట్టుకుంటేనే ప్రమాదం. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో మంచి జీతం మీద ఉండి, నవల రాయాలని, రంగుల్లో మునగాలని, ద్రాక్షతోట వేసి వైన్ తీయాలని తహతహలాడే మన పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ల తపనను నేను తేలిక చేయను. అందుకే ఆ కథలో మరుగునపడ్డ సగం చెబుతున్నాను.

గోగాన్‌ను 1872లో షేర్ల దలాలీ సంస్థలో చేర్పించింది ఆయన సంరక్షకుడు గుస్తావ్ అరోసా. అరోసాకు చిత్రాలు సేకరించడమంటే ప్రాణం. ఆ ఇంట్లోనే గోగాన్‌కు కన్ను తెరుచుకుంది. ఉద్యోగం చేస్తూనే తీరిక దొరికినప్పుడల్లా బొమ్మలు వేశాడు. 1876లో ఆయన ప్రకృతి చిత్రాన్ని పారిస్ సలోన్ ప్రదర్శనకు తీసుకున్నారు. ఇంప్రెషనిస్టు చిత్రకారుడు పిస్సారో దగ్గర పని నేర్చుకున్నాడు. 1879 నుంచి ఇంప్రెషనిస్టుల ప్రదర్శనల్లో పాల్గొన్నాడు. 1882 జనవరిలో పారిస్ షేర్ మార్కెట్ కుప్పకూలింది. ఆ మరుసటి ఏడాదికి ఆయన ఆ ఉద్యోగంలో లేడు. తెగింపు అని మనం పొగిడేదానికి వెనక పదేళ్ల సాధన ఉంది, ముందు మార్కెట్ తోసిన తోపు ఉంది.

ఆ తర్వాత సంసారం ఎవరు ఈదారు? భార్య మెట్టె. ఆమెది డెన్మార్క్. ఐదుగురు పిల్లలు. పుట్టింటివారి ఊరు కోపెన్‌హాగన్‌కు చేరాక ఫ్రెంచి పాఠాలు చెప్పి, అనువాదాలు చేసి ఇల్లు నడిపింది. గోగాన్ అక్కడ టార్పాలిన్లు అమ్మబోయి చతికిలబడ్డాడు. 1885లో కొడుకు క్లోవిస్‌ను వెంటబెట్టుకుని పారిస్ వచ్చేశాడు. చలికాలంలో పిల్లాడికి మశూచి సోకింది. తండ్రి గోడలకు పోస్టర్లు అంటించే కూలికి పోయాడు. తర్వాత తాహితీలో ఆయన పదమూడు, పద్నాలుగేళ్ల ఆడపిల్లలను ఇంట్లో పెట్టుకున్నాడు. అక్కడ వేసిన చిత్రాలు ఎంత గొప్పవైనా ఆ తప్పును నేను క్షమించలేను. కళ కోసం అంటే అన్నీ చెల్లుతాయన్న మాట నాకు ఎన్నడూ రుచించలేదు.

ఉద్యోగంలోనే ఉండిపోయి రాసినవాళ్లూ ఉన్నారు. అమెరికన్ కవి వాలెస్ స్టీవెన్స్ హార్ట్‌ఫర్డ్‌లో బీమా కంపెనీ వైస్ ప్రెసిడెంట్. ఆఫీసుకు నడిచి వెళ్తూ కవిత్వం అల్లుకునేవాడు. 1955లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆయనను తక్కువ కవి అనగలమా?

వైన్ సంగతి వేరు. దాన్ని తీరిక వేళల్లో చేయడం కుదరదు. స్టాన్‌ఫర్డ్‌లో చదివి ఒరాకిల్‌లో పనిచేసిన రాజీవ్ సామంత్ ఆ ఉద్యోగం వదిలి నాసిక్ దగ్గరి కుటుంబ భూమికి వచ్చాడు. ముందు మామిడి, తినే ద్రాక్ష లాంటివి వేసి చూశాడు. తర్వాతే వైన్ ద్రాక్షకు మళ్లాడు. తన వైన్ సంస్థకు తల్లి సులభ పేరులోంచి ‘సులా’ అని పేరు పెట్టాడు. కాలిఫోర్నియా నుంచి నిపుణుడిని పిలిపించుకున్నాడు. లెక్కలు, లైసెన్సులు, అమ్మకాలు అన్నీ నెత్తినేసుకున్నాడు. ఆయన వ్యాపారాన్ని వదిలాడనడం తప్పు. దాన్ని తోటకు తీసుకెళ్లాడు.

తోటలో పని ఏమిటో కూడా తెలియాలి. మన వాతావరణంలో తీగను ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో కత్తిరించాలి. నాటిన తీగ సరైన పంట ఇవ్వడానికి రెండు మూడేళ్లు ఆగాలి. ఎర్ర వైన్‌కు పండు చితక్కొట్టి తొట్టిలో పోశాక, పులిసేటప్పుడు లేచే గ్యాస్ తొక్కలన్నిటినీ పైకి తోస్తుంది. అవి దట్టంగా పేరుకుంటాయి. రోజుకు రెండు మూడుసార్లు పొడవాటి కర్రతో వాటిని కిందికి నొక్కుతుండాలి. లేదంటే పైపొర ఎండి పులుపెక్కి తొట్టి మొత్తం పాడవుతుంది. భుజాలు పడిపోతాయి, చేతులు ఊదారంగుకు మారతాయి, నిద్ర ఉండదు. పోనీ ఒక పూట మానేద్దామంటే వీల్లేదు. ఈ పనిలో ఆనందం దొరికే మనిషే వైన్ చేయగలడు. గ్లాసు పట్టుకుని సూర్యాస్తమయం చూడాలనుకుంటే ఒక సీసా కొనుక్కుంటే సరిపోతుంది.

నాసిక్‌లో కోతలు ఇంచుమించు జనవరి నుంచి మార్చి దాకా సాగుతాయి. వైన్ మీద మోజున్నవాళ్లు రాజీనామా రాసే ముందు ఆ రోజుల్లో సెలవు పెట్టి వెళ్లి తొట్టి దగ్గర నిలబడండి. రాయాలనుకునేవాళ్లు ఉద్యోగంలో ఉండగానే ఒక పుస్తకం పూర్తిచేయండి. ఆ తర్వాత ఎవరైనా ఇంటి ఖర్చుల పుస్తకం తెరిచి, వచ్చే మూడేళ్లు ఎవరి జీతంతో నడవాలో భార్యాభర్తలిద్దరూ కూర్చుని రాసుకోండి. పిల్లల ఫీజులు, పెద్దవాళ్ల మందులు కూడా అందులో రాయండి. మెట్టెను అడిగినవాళ్లు లేరు. మీరు మాత్రం మీ ఇంట్లో అడగండి.